చూర్లో తట్ట

మా మనవరాలికి పాఠాలు గట్టిగా చదివే అలవాటు. మనసులో చదివితే తలకెక్కదట. ప్రొద్దుటూరులో మా ఇల్లున్న సందు ఎంత ఇరుకంటే, అది చదివిన పాఠం విని ఎదురింటి వాళ్ళు కూడా పరీక్ష రాసి రావచ్చు. నిన్న సాయంత్రం నేను వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటూ మంచం మీద కూర్చున్నాను. అది తెల్లదొరల సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన పాఠం ఎత్తుకుంది. సముద్రాల అవతల చెరుకు తోటలు, వాటిలో బానిసలు, వాళ్ళ కోసం చట్టం. చట్టం వచ్చాక యజమానులకు నష్టపరిహారం చెల్లించారని చదివింది.

"ఆగు," అన్నాను. "ఎవురికి?"

"యజమానులకు తాతా."

"మళ్ళా సదువు."

మళ్ళీ చదివింది. అదే ఉంది.

"మరి బానిసలకేమిచ్చినారు?"

పేజీ తిప్పి చూసింది. "వాళ్ళకేం ల్యా. ఇంగా కొన్నేండ్లు ఆ యజమానుల కాడనే పని నేర్చుకోమన్యారంట."

"ఏం పని?"

"చెరుకు పనే."

"పుట్టినప్పట్నుంచీ చెరుకు కొట్టేటోనికి చెరుకు కొట్టేది నేర్పిచ్చినారా!"

"నన్ను తిడతావేంది తాతా? ఆ చట్టం నేనేమన్నా చేసినానా? ఇది రాస్తే మార్కులొస్తాయి, అంతే."

దాన్నెందుకు అనాలి. పాఠం రాసినవాడు ఎదురుగా ఉంటే రెండు మాటలు అడిగేవాణ్ణి. 'రద్దు' అని ఒక్క మాట రాసి ఆపేస్తే ఎట్లా? రద్దయిన మరుసటి రోజు పొద్దున వాళ్ళు ఏం తిన్నారు, ఎక్కడికి పోయారు? అది ఏ పేజీలో ఉంది?

నేను బడికి పోలేదు. నాకు చదువు చెప్పింది ఈ ఊరి అంగళ్ళలో పొట్లాలు కట్టే కాగితాలు. శెట్టి అంగట్లో మూటలు మోస్తూ, పాత పుస్తకాల కాగితాలను అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. బెల్లం అంటుకున్న చోట అక్షరాలు పోయేవి. అందుకని లోకంలో చాలా సంగతులు నాకు సగమే తెలుసు. ఈ రద్దు సంగతి మాత్రం మొత్తం తెలుసు. అది నేను కాగితంలో చదివింది కాదు, చూసింది.

పులివెందుల నుంచి వేంపల్లెకు పోయే దారిలో, రోడ్డు వదిలి కంకర బాట పట్టి పోతే మా ఊరు. మధ్యలో వాగు, మా మాటలో వంక. దానికి అవతల ఊరు, ఇవతల మా వాడ. ఊళ్ళో పెద్ద ఆసామి దగ్గర మా నాయన జీతగాడు. జీతగాడంటే నెల తిరిగేసరికి జీతం తీసుకునేవాడని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. కాదు. మనిషే పోయి ఆ ఇంటి ఎద్దుల కొట్టంలో ఉండిపోవడం జీతమంటే. పేడ ఎత్తేదీ ఆయనే, మడక దున్నేదీ ఆయనే, పొద్దుపోయాక చొప్ప వేసేదీ ఆయనే. పడుకునేది కూడా అక్కడే, ఎద్దుల పక్కన. ఏడాదికొక కంబళి, ఒక జత చెప్పులు, పూటకింత సంగటి. నాయనకు ముందు తాత ఉండేవాడు, అదే కొట్టంలో. అసలెందుకు చేరాల్సి వచ్చిందని అడిగితే మా జేజి, అంటే నాయన తల్లి, ఒకటే చెప్పేది. "కరువులో ఆళ్ళింట్లో గింజలు తెచ్చుకున్యాం రా. తిన్యాం. గింజలైపోయినాయి, మనం మాత్రం ఇంగా అయిపోలా."

పండగలకు తప్ప నాయన ఇంటికి వచ్చేవాడు కాదు. నేనూ, చెల్లెలూ ఆయన్ని చూడాలంటే వంక దాటి కొట్టానికి పోవాలి. నూనె తీశాక మిగిలే గానుగ చెక్క, ఎద్దుల కొమ్ములకు రాసిన ఆముదం, తడిసిన చొప్ప, ఆరిపోయిన బీడీ. ఈ వాసనలన్నీ కలిస్తే మాకు నాయన. ఇప్పటికీ ఎక్కడైనా గానుగ చెక్క వాసన వస్తే నేను వెనక్కి తిరిగి చూస్తాను.

ఆసామి చూడకుండా తొట్టిలో చెయ్యి పెట్టి, ఎద్దుకు నానబెట్టిన చెక్క తీసుకుని తినేవాళ్ళం. నల్లటి కర్రెద్దు తల తిప్పి మమ్మల్ని పెద్ద కళ్ళేసుకుని చూసేది. నాయన దాని గంగడోలు నిమిరి, "ఒరేయ్, దాని కూడు దోచుకుంటాండావు. రేపు పులివెందులకు పోయి నీ మింద కేసు పెడ్తాది సూడు," అనేవాడు. చెల్లెలు నిజమే అనుకుని నోట్లోది ఊసి మళ్ళీ తొట్టిలో వేసేది. నాయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆయన నవ్వితే పై పన్ను ఒకటి లేని సందు కనబడేది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే తర్వాత అంతగా చూడలేదు.

కొట్టం ముందు చూర్లో, కప్పిన బోదగడ్డి మధ్య, ఒక సత్తు తట్ట దోపి ఉండేది. నాయన అన్నం తినే పళ్ళెం అది, మా మాటలో తట్ట. ఆ ఇంటి గడప దాటి లోపలికి పోకూడదు, ఆ ఇంటి గిన్నెలతో కలవకూడదు. మధ్యాహ్నం ఆసామి తల్లి వచ్చి, పైనుంచి సంగటి ముద్ద దాంట్లోకి వదిలేది. దబ్బుమని పడేది. దాని మీద ఇంత ఊరిమిండి పచ్చడో, గోగాకో విదిలించేది. తిన్నాక నాయనే కడుక్కుని, నాయనే చూర్లో దోపుకోవాలి. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చేత్తో తాకరు.

ఆ తట్టకు మా పక్క ఒక కట్టుబాటు ఉండేది. ఉగాది నాడు జీతగాడు తన తట్టను తన చేత్తో దించుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. పండగ తిని మరుసటి పొద్దున తీసుకుపోయి మళ్ళీ దోపితే, ఇంకో ఏడాది ఉంటానన్నట్టు. జీతం తీరినవాడు తట్ట దించుకుంటాడు, మళ్ళీ తేడు. ఒక్క మాట ఉండదు. తలెత్తుకుని నడిచిపోతాడు. కానీ జీతగాడు దొంగతనం చేసి దొరికితే మాత్రం, ఆసామి ముల్లుకర్రతో తట్టను పొడిచి కింద పడేస్తాడు. 'వాని తట్ట దించినారు' అన్నారంటే, ఏం తప్పు చేశాడని కూడా ఎవరూ అడగరు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఆ మనిషికి కూలి పని దొరకదు. తన చేత్తో దించుకుంటే విడుదల, పరాయి చెయ్యి దించితే దొంగ. మా వాడలో నడక వచ్చిన బిడ్డకు కూడా ఇది తెలుసు.

శెనక్కాయ చెట్లు పీకే కాలంలో మాట పుట్టింది. జీతగాళ్ళను విడిపించేస్తూ ఢిల్లీలో చట్టం చేశారని, పాత బాకీలన్నీ కొట్టేశారని. వేంపల్లె సంతకు పోయొచ్చిన వాళ్ళు చెప్పారు, టీ అంగడి రేడియో చెప్పింది. పచ్చి కాయలు కాల్చుకుంటూ మంట చుట్టూ కూర్చున్న ముసలివాళ్ళకు అదే మాట.

మా జేజి నమ్మలేదు. "ఇడ్సిపెట్టేది మాకు కొత్తనా? తెల్లోళ్ళు ఉన్యప్పుడు గూడా ఇడ్సిపెట్టినామన్యారంట. మా తాత తమ్మున్ని ఇడ్సిపెట్టినారు. ఇడ్సిపెట్టి ఓడ ఎక్కిచ్చినారు. యాడికో, చెరుకు తోటలకు. మా తాత సచ్చేదాకా ఆయన వస్తాడని సూసినాడు."

నిన్న పాఠం కడవరకూ విన్నాక నాకు జేజి మాట అర్థమైంది. అక్కడి బానిసలు పోయిన చోట మనవాళ్ళను నింపారట. ఒకరికి రద్దు, ఇంకొకరికి ఓడ.

అమ్మ మాత్రం నమ్మింది. ఇంటి ముందు పంచ అలికింది. తన పుట్టింటి నుంచి విరిగిన మంచం కోళ్ళు తెచ్చి, వడ్రంగిని బతిమాలి బాగు చేయించి, తానే నులక అల్లింది. అల్లుతూ, "మీ నాయన ఈడ పండుకుంటాడు. మీరు ఎగబడి తొక్కద్దండి," అని మమ్మల్ని ముందే బెదిరించింది. మాకు ఆ మంచం పెద్ద వింత. నేనూ, చెల్లెలూ వంతులేసుకుని దాని కింద దూరేవాళ్ళం.

నాయనకు కబురు చెప్పడానికి నేను పోయాను. ఆయన అప్పుడే ఎద్దుల్ని కడిగి తెచ్చాడు. విని, చూరు వైపు చూశాడు.

"ఉగాది రానీ," అన్నాడు. "మీయమ్మకు చెప్పు. ఊరందరూ సూస్తాండగా నా చేత్తో నేను దించుకోని వస్తా, మళ్ళా దోపను. మీ తాత దించుకోలేకపాయె. నేను దించుకుంటా."

అంత ఇష్టంగా ఆయన ఇంకే సంగతి గురించీ మాట్లాడగా నేను వినలేదు. కూడు, గుడ్డ, నేల ఏదీ అడగలేదు. తట్ట దించుకుని వంక దాటి ఇంటికి నడిచి రావాలి, అది నలుగురూ చూడాలి. ఆయనకు కావాల్సింది అదే.

ఉగాది రాలేదు. జీపు వచ్చింది.

దుమ్ము లేపుకుంటూ నేరుగా ఆసామి కొట్టం ముందే ఆగింది. దిగిన ఆఫీసరుది కుర్ర వయసు, కోస్తా పక్క మాట. ఊరూ, వాడా అంతా చేరింది. ఆఫీసరు నాయనను పిలిపించి భుజం మీద చెయ్యి వేశాడు. నాయన ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

"ఏమయ్యా, ఇవాళ్టి నుంచి నువ్వు ఎవరికీ కట్టుబడి లేవు. స్వేచ్ఛగా మీ ఇంటికి వెళ్ళొచ్చు. అర్థమైందా?"

నాయన తల ఊపాడు.

"నీ సామాన్లేమైనా ఉన్నాయా ఇక్కడ?"

 నాయన కళ్ళు చూరు వైపు పోయాయి. ఆఫీసరు ఆ చూపు పట్టుకున్నాడు. రెండడుగులు వేసి, మునివేళ్ళ మీద లేచి, బోదలోంచి తట్టను సర్రున లాగాడు. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి దాని దుమ్ము తుడిచాడు. తుడిచి, రెండు చేతులతో నాయనకు అందించాడు.

మా వాడ మనిషి కానివాడు ఆ తట్టను చేత్తో తాకడం అదే మొదలు. ప్రేమగా తాకాడు. నేను కాదనను. కానీ గుంపులోంచి ఎవరో ఆడమనిషి, "అయ్యో, తట్ట దించినారే!" అంది. ఆ మాట ఒకరి నోటినుంచి ఒకరికి పాకి వంక దాకా పోయింది.

నాయన దాన్ని అందుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆఫీసరు పక్కనున్న గుమాస్తాతో, "చూశారా, ఆనందం పట్టలేకపోతున్నాడు పాపం," అన్నాడు.

ఆసామి గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. 'అయ్యా, అట్ల కాదు, వాణ్ణే దించుకోనీండి' అంటే ఆఫీసరు వినేవాడు. ఆసామి తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. మీసం కింద సన్నగా నవ్వాడు. ఆ నవ్వును నేను ఇన్నేళ్ళయినా క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఆఫీసరు తెలియక చేశాడు. ఈయన అన్నీ తెలిసి ఊరుకున్నాడు.

నాయన ఇంటికి వచ్చాడు. మాకు పండగ. నాయన పగటిపూట ఇంట్లో కనబడితే చెల్లెలు ఆయన మెడ వదిలేది కాదు. కానీ ఆయన ఆ మంచం మీద కూర్చోలేదు. అమ్మ ఎంత చెప్పినా గోడవార నేల మీదే కూర్చునేవాడు. తట్టను తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకునేవాడు.

శెనక్కాయ పనులు ముమ్మరంగా ఉన్నాయి. కూలీలు దొరక్క రైతులు పక్క ఊళ్ళకు పోయి మనుషుల్ని పిలుచుకొస్తున్నారు. మా వాడకు వచ్చిన మనిషి అమ్మను పిలిచాడు, పక్కింటి వాళ్ళను పిలిచాడు. నాయన కూడా లేచి తలకు గుడ్డ చుట్టుకున్నాడు.

"నువ్వొద్దులేప్పా," అన్నాడు ఆ మనిషి, చెట్ల వైపు చూస్తూ.

అమ్మ ఊరుకోలేదు. "ఏంది నువ్వొద్దు? చట్టం వచ్చినాది, సర్కారే దించినాది ఆ తట్టను. కండ్లార సూళ్ళేదా నువ్వు?"

"సూసినా లేమ్మా. దించింది ఎవురైతేనేం. ఆసామి అడ్డం పల్యా గదా? ఏదో తప్పు లేంది ఊరికే ఉంటాడా?"

ప్రతి గుమ్మం దగ్గరా అదే మాట. నిన్నటిదాకా నాయనను మామా అని పిలిచినవాళ్ళు కళ్ళం దగ్గరికి ఆయన వస్తే కాయల మూటలు లోపలికి జరుపుకున్నారు. గింజ ముట్టని మనిషి. ఎద్దు తొట్టిలో మేం చెయ్యి పెడితేనే చట్టం చెప్పినవాడు.

ఒకరోజు పొద్దున నాయన తట్ట తీసుకుని ఊళ్ళోకి బయలుదేరాడు. నేను వెంటపడ్డాను. ఆసామి కొట్టం ముందు పళ్ళు తోముకుంటున్నాడు. చూర్లో తట్ట ఉండిన చోట బోద ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

"సామీ, ఒగ మాట."

"నాతో ఏం మాట్రా? నువ్విప్పుడు సర్కారు మనిషివి గదా."

"పనికి ఎవురూ పిలవల్యా సామీ. ఈ తట్ట ఒగసారి చూర్లో పెట్టుకోనీ. పెట్టి, నలుగురు సూస్తాండగా నా చేత్తో నేను దించుకోని పోతా. ఇంగ నీ గడపకు రాను."

ఆసామి నోరు పుక్కిలించి ఊశాడు. "అట్లనా? నీ తట్ట నా చూర్లో కనపడిందనుకో, మళ్ళా నిన్ను జీతానికి పెట్టుకున్యానని నన్ను జైల్లో ఏస్తారు. చట్టం రా అప్పా. మీ కోసరమే గదా చేసినారు?"

"పోనీ, నేను దొంగను కాదని నలుగురిలో ఒగ మాట చెప్పు సామీ."

"నువ్వు దొంగవని నేనన్యానా?"

"అన్ల్యా."

"అనని మాటను ఎట్ల ఎనక్కి తీసుకునేది?"

లోపలినుంచి కర్రెద్దు నాయన గొంతు గుర్తుపట్టి, పలుపు లాగుతూ అరవడం మొదలుపెట్టింది. అరుస్తూనే ఉంది. నాయన అటు చూడలేదు. చూస్తే పోలేడని నాకు తెలుసు. నా చెయ్యి పట్టుకుని వంక వైపు నడిచాడు. ఆ పట్టుకు నా వేళ్ళు నొప్పి పుట్టాయి. ఆ ఏడు ఆసామికి ట్రాక్టరు వచ్చింది, సర్కారు అప్పుతో. విడిపించినోళ్ళకని సర్కారు నాయనకు ఇస్తామన్న గొర్రెలు మాత్రం రాలేదు. పాఠంలో యజమానులకు నష్టపరిహారం అన్న మాట దగ్గర నా నోట్లో శెనక్కాయ ఎందుకు చేదయిందో నా మనవరాలికి ఏమని చెప్పాలి?

ఆ చలికాలంలోనే, మేకలు కొనడానికి మా వాడకు వచ్చే సాయిబు ఒకాయన నాయనతో అన్నాడు. "జమ్మలమడుగు పక్క రాళ్ళ గనుల్లో మా బామ్మర్ది మేస్త్రీ. ఆడికి పో. ఆడ నీ తట్ట సంగతి ఎవురూ అడగరు భాయ్. రాయికి చేతులుంటే సాలు."

అమ్మ మూటలు కట్టింది. జేజి తన మూట తానే కట్టుకుంటూ, "ఓడ ఎక్కినోళ్ళు గూడా ఇట్లనే కట్టుకోనింటారు," అంది. మంచాన్ని పక్కింటికి ఇచ్చేశాం. దాని మీద నాయన ఒక్కసారి కూడా పడుకోలేదు.

గని దగ్గర గుడిసెలకు గోడలు నాపరాళ్ళే, కప్పు మాత్రం బోద. పగలంతా సుత్తి దెబ్బలు. తెల్లటి దుమ్ము సంగటిలో పడేది, కళ్ళలో పడేది, ఆరేసిన గుడ్డల మీద పడేది. నాయన నిజంగానే అక్కడ మనిషిగా బతికాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కడి మొదటి ఉగాదికి ముందు రోజు, నాయన ఆ సత్తు తట్టను బూడిదతో తోమి, మా గుడిసె చూర్లోనే దోపాడు. మాకేం అర్థం కాలేదు. పండగ పొద్దున తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. అమ్మనూ, జేజినీ, మమ్మల్నీ బయటికి పిలిచాడు. చెయ్యెత్తి తట్టను దించాడు.

"సూసినారు గదా?" అన్నాడు. "నేనే దించుకున్యా."

చెల్లెలు చప్పట్లు కొట్టింది. పక్క గుడిసె ఆయన నవ్వి, "ఏం బావా, నీ ఇంట్లో నువ్వే జీతం ఉండావా?" అన్నాడు. నాయన కూడా నవ్వాడు. అమ్మ ఆ తట్టలో పండగకు చేసిన ఓళిగ వేసి, పైన నెయ్యి పోసి, లోపలికి పోయింది.

ప్రతి ఉగాదికీ అదే. మేం పెద్దవుతున్న కొద్దీ మాకు అది వేడుక కాకుండా పోయింది. చూసి తల దించుకునేవాళ్ళం. జేజి పోయింది, చెల్లెలు అత్తగారింటికి పోయింది. రాతి దుమ్ము నాయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. మనిషి చెక్కినట్టు తగ్గిపోయాడు.

చివరి ఉగాదికి ఆయన చెయ్యి చూరుకు అందలేదు. ఎత్తబోతే దగ్గు ముంచుకొచ్చేది. నేను ముందుకు పోయి తట్ట మీద చెయ్యి వేయబోయాను.

"ముట్టద్దు రా!" అన్నాడు. ఆ గొంతు అంత గట్టిగా వచ్చి చాలా కాలమైంది.

అప్పుడు నేను వంగి ఆయన మోకాళ్ళ చుట్టూ చేతులు వేసి పైకెత్తాను. ఎంత తేలిక! శెట్టి అంగట్లో తర్వాత నేను ఎన్ని మూటలు మోసినా, ఆ తేలిక బరువు మాత్రం నా చేతులకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన తట్టను పట్టుకుని లాగాడు. బోద పుల్లలు నా తల మీద రాలాయి. పైనుంచి ఆయన నవ్వు వినబడింది, వెంటనే దగ్గు.

తిన్నాక, వచ్చే ఉగాదికని మళ్ళీ ఎత్తించుకుని, మళ్ళీ తానే దోపాడు. ఆ ఎండాకాలం దాటలేదు.

ప్రొద్దుటూరుకు వచ్చేయాలని గుడిసె ఖాళీ చేసిన రోజు, సామాన్లన్నీ బండికెత్తి, చివరగా నేను చూరు వైపు చెయ్యి చాపాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు నాయనా. ఆయన దించుకోల్యా గదా."

వదిలేసి వచ్చాం. తర్వాత గని పెరిగి ఆ గుడిసెల వరసను తినేసింది. ఇప్పుడక్కడ పచ్చటి నీళ్ళు నిండిన లోతు గుంత ఉంది.

నిన్న రాత్రి అన్నాలప్పుడు మనవరాలు అడిగింది. "తాతా, నీకెందుకంత కోపమొచ్చింది పొద్దుమూకన?"

ఏమీ లేదు, చదువుకో అన్నాను. రద్దు అని పరీక్షలో రాసుకోమన్నాను. సర్కారు రద్దు చేసింది ఒకసారి, తెల్లదొరలు రద్దు చేశారు ఇంకోసారి. మా నాయన ఏటేటా, చూసే ఊరు లేకపోయినా, తనకు తానే రద్దు చేసుకున్నాడు. ఆ తట్టను మాత్రం ఆయన తర్వాత ఏ చెయ్యీ దించలేదు.